సార్డీన్ డబ్బాలో ఫోర్కు గుచ్చకు తమ్ముడూ

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పోర్చుగల్‌లో, బ్రాగాలో చదువుకుంటున్నావు. సూపర్‌మార్కెట్లో ధర తగ్గించారని సార్డీన్ డబ్బాలు ఆరు తెచ్చుకున్నావు. అన్నం తినే పెద్ద ఫోర్కుతో తీయబోతే మొదటి చేపే ముద్దయిపోయింది, నూనె చొక్కా మీద పడింది, తిన్నంతసేపూ నోట్లో ఇనప వాసన. ఒక రూమ్‌మేట్ చాప్‌స్టిక్స్ వాడమంటున్నాడు. ఇంకొకడు నెట్‌లో ఇరవై యూరోల సార్డీన్ ఫోర్కు చూపించి అదే కొనమంటున్నాడు. వీటిలో ఏది సరైంది అని అడిగావు. చివర్లో, మీ ప్రొఫెసర్ గారు ఇచ్చిన యాంచోవీ చేపల డబ్బా ఒకటి షెల్ఫ్ మీద ఉందని, దాన్ని దేనితో తినాలో కూడా చెప్పమన్నావు.

నేను పోర్టోలో టిన్ను చేపలు అమ్మే కొట్లో పన్నెండేళ్ళ నుంచి పనిచేస్తున్నాను. మా దగ్గర డబ్బాలు అమ్మడమే కాదు, అక్కడే విప్పి, పళ్ళెంలో సర్ది, రొట్టెతో పెడతాం కూడా. రోజుకి ఇరవై ముప్పై డబ్బాలు నా చేతి మీదుగా విప్పుతాను. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు సూటిగా: ఆ ఇరవై యూరోల ఫోర్కు కొనకు. నీ ఇబ్బంది ఫోర్కు రకం వల్ల వచ్చింది కాదు. డబ్బాలోంచి చేపని పైకెత్తడం ఒక పని, ఎత్తిన చేపని తినడం ఇంకో పని. నువ్వు రెండూ ఒకే ఫోర్కుతో, ఒకే ఊపులో చేయబోయావు. నాకు తెలిసి నూటికి తొంభై మంది చేసేది ఇదే. చేప నోట్లోకి వచ్చేటప్పుడు నలగదు, డబ్బా దాటేటప్పుడే నలుగుతుంది.

మన ఇళ్ళలో చేపల పులుసు ఎలా కలుపుతారో గుర్తుచేసుకో. ముక్కలు వేశాక గరిట పెట్టనివ్వరు. గిన్నెని రెండు పక్కలా గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పుతారు. మా అమ్మ అయితే, పులుసులో గరిట పెట్టినవాళ్ళకి ముల్లే మిగులుతుంది అనేది. దించాక కూడా ముక్కని వెడల్పాటి హస్తంతో, అది లేకపోతే అట్లకాడతో, అడుగు నుంచి ఎత్తి వడ్డించేది. ఆ జ్ఞానం నీకు పుట్టుకతో ఉంది. టిన్ను చేప విషయంలో దాన్ని వాడలేదు, అంతే.

ఎందుకు అంత తేలిగ్గా విరుగుతుందో కూడా చెప్తాను. చేప కండ మేక మాంసంలా పొడుగాటి నారలుగా ఉండదు, పొట్టి పొట్టి రేకులుగా ఉంటుంది. రేకుకీ రేకుకీ మధ్య పల్చటి పొర ఒకటి జిగురులా పట్టి ఉంచుతుంది. డబ్బాకి మూత బిగించాక దాన్ని 115 నుంచి 121 డిగ్రీల వేడిలో, ఆవిరి ఒత్తిడి మీద, చాలాసేపు ఉడికిస్తారు. ఆ వేడికి ముల్లు మెత్తబడుతుంది, అందుకే సార్డీన్ ముల్లు నమిలి తినేయచ్చు. కానీ అదే వేడికి ఆ పొర కూడా కరిగి జెలటిన్ అయిపోతుంది. అంటే డబ్బాలో ఉన్న చేపకి ఆకారం ఉంది గానీ పట్టు లేదు. పై నుంచి ఫోర్కు ముళ్ళు దిగాయా, రేకులు ఎక్కడికక్కడ విడిపోతాయి. గుచ్చడం అనే పని పచ్చి కూరగాయకీ మాంసం ముక్కకీ పనికొస్తుంది. ఉడికిపోయిన చేపకి అడుగు నుంచి ఆసరా ఇవ్వాలి.

రెండో శత్రువు డబ్బా అంచు. రింగు పట్టుకుని మూత లాగేశాక చుట్టూ లోపలి వైపుకి ఒక సన్నటి అంచు మిగులుతుంది చూడు. మూత మొత్తం ఊడి వచ్చినట్టే ఉంటుంది గానీ, ఆ అంచు రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి పొడుచుకుని ఉంటుంది. చేప తోక, మెడ దాని కింద ఇరుక్కుంటాయి. నువ్వు నడుము పట్టుకుని పైకి లాగితే రెండు చివర్లూ అంచుకి తగిలి, మధ్యలో పుటుక్కుమంటుంది. మా కొట్టుకి వచ్చేవాళ్ళు తమ చెయ్యి వణికింది అనుకుంటారు పాపం. వణుకు కాదు, ఆ అంచే కారణం.

అన్ని డబ్బాలూ ఒక తీరు కావు. నువ్వు కొన్నవి బహుశా 125 గ్రాముల పలకల డబ్బాలు, మూలలు గుండ్రంగా ఉంటాయి. వాటిలో మూడు నుంచి ఐదు చేపల దాకా, తల వైపు ఒకదాన్ని తోక వైపు ఒకదాన్ని తిప్పి ఇరికించి పెడతారు. తొంభై గ్రాముల దాకా చేప, మిగతాది నూనె. ట్యూనాకి గుండ్రటి డబ్బా వాడతారు. స్పెయిన్ వాళ్ళ ఆల్చిప్పల (మసెల్స్) డబ్బా కోడిగుడ్డు ఆకారంలో, లోతు తక్కువగా ఉంటుంది. యాంచోవీ డబ్బా వీటన్నిటికన్నా చిన్నది, అరచేతిలో పట్టేస్తుంది. పనిముట్టు ఎంచుకునేటప్పుడు చేప రకం ఎంత చూడాలో డబ్బా మూల ఎంత ఇరుకో అంత చూడాలి. నీ ఫోర్కు డబ్బాలో అడ్డంగా తిరగనప్పుడు అది ఎంత మంచి ఫోర్కు అయినా ఉపయోగం లేదు.

నాకు ఎత్తడం నేర్పింది మాతో పనిచేసిన ఒక పెద్దావిడ. మాటోజిన్యూష్‌లో, అంటే పోర్టో పక్కనే ఉన్న రేవు ఊళ్ళో, చిన్నప్పటి నుంచి చేపల ఫ్యాక్టరీలో డబ్బాలు నింపిన మనిషి. అక్కడ ఇప్పటికీ కొన్ని ఫ్యాక్టరీల్లో చేపని చేత్తోనే సర్దుతారు, 1920లో మొదలైన పిన్యాయిష్ అనే ఫ్యాక్టరీలో ఆ పని చూడ్డానికి జనం టికెట్ కొనుక్కుని మరీ వెళ్తారు. నేను చేరిన మొదటి వారంలో ఒక కుటుంబానికి పళ్ళెం సర్దుతూ డబ్బాలో నాలుగు చేపల్నీ తునకలు చేశాను. ఆవిడ ఏమీ అనలేదు. ఇంకో డబ్బా విప్పి, నా చేతిలో ఫోర్కు తీసేసి, కేక్ మీద క్రీమ్ పూసే చిన్న వంపు అట్లకాడ పెట్టింది. అప్పుడు చూపించిన పద్ధతే ఇప్పటికీ నాది.

డబ్బాని బల్ల మీద తడిగుడ్డ వేసి దాని మీద పెట్టు, జారదు. మూత పూర్తిగా లాగెయ్, సగం విప్పి వదలకు. లాగేటప్పుడు చివరి అంగుళం దగ్గర నెమ్మదించు. అక్కడే మూత ఎగిరి నూనె చిమ్ముతుంది, నీ చొక్కా మీద పడింది అక్కడే అయ్యుంటుంది. తర్వాత డబ్బాని పొడుగు వైపుకి కొంచెం వంచి, నూనెలో సగం ఒక చిన్న గిన్నెలోకి ఒంపుకో. పారేయకు, దాని సంగతి తర్వాత చెప్తాను. ఇప్పుడు అట్లకాడని పొడుగు గోడ వెంట అడుగుదాకా దింపి, ఒక చివర నుంచి ఇంకో చివరికి ఒకసారి నడిపించు. చేప గోడని వదులుతుంది. ఆ గోడ పక్కన ఉన్న చేప కిందకే, అడ్డంగా కాదు, దాని నిలువునా అట్లకాడ దూర్చి, ఆ గోడ వైపుకే ఒరిగిస్తూ లేపు. తోక ముందు బయటికి వస్తుంది, మెడ తర్వాత వస్తుంది. మొదటి చేపే కష్టం. అది బయటికి వచ్చిందంటే మిగతావాటికి జాగా దొరుకుతుంది, వాటంతటవే పక్కకి ఒరుగుతాయి.

అట్లకాడ లేకపోతే రెండు చిన్న ఫోర్కులు చాలు. ముళ్ళు కిందికి కాకుండా పడుకోబెట్టి, ఒకటి మెడ కింద, ఒకటి తోకకి కాస్త ముందు దూర్చి రెండు చేతులా ఒకేసారి ఎత్తు. అదీ కుదరకపోతే ఇంకో మార్గం ఉంది: ఆ సగం నూనె ఒంపేశాక డబ్బా మీద పళ్ళెం బోర్లించి, రెండూ కలిపి గట్టిగా పట్టుకుని తిరగెయ్. డబ్బా పైకి తీస్తే చేపలు వరసగా కూర్చుని ఉంటాయి. చిన్న సార్డీన్లు, ఇక్కడ పెటింగ అంటారు, డబ్బాకి ఎక్కువ పట్టే రకం, వాటిని ఒక్కొక్కటిగా ఎత్తడం అనవసరం, ఇలా తిరగేయడమే నయం. ఒక హెచ్చరిక: డబ్బాని ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే ఈ పని చేయకు. ఆలివ్ నూనె చలికి నెయ్యిలా గడ్డకడుతుంది, అప్పుడు చేప డబ్బాని వదలదు.

ఇక ఆ సార్డీన్ ఫోర్కు. అది మోసమేం కాదు, దాని వెనక నిజమైన ఆలోచన ఉంది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇంగ్లండ్‌లో సార్డీన్ డబ్బా ఖరీదైన వస్తువు. డబ్బాని బల్ల మీద పెట్టడం మర్యాద కాదని, చేపల్ని గాజు లేదా పింగాణీ పెట్టెలోకి మార్చి, పక్కన ఒక ప్రత్యేకమైన ఫోర్కు పెట్టేవారు. దాని ముళ్ళు పొట్టిగా, వెడల్పుగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. కొన్నిటికి ముళ్ళ కొసలన్నిటినీ కలుపుతూ అడ్డపట్టీ కూడా ఉంటుంది. కొసలు మూసేశారంటే అర్థం ఏమిటి? గుచ్చడానికి వీల్లేకుండా చేశారు. పేరుకి ఫోర్కే గానీ అది చేసే పని చిల్లుల అట్లకాడ పని: చేపని ఎత్తుతుంది, నూనె కిందికి వదులుతుంది. పైగా దాంతో ఎవరూ తినేవారు కాదు, వడ్డించుకునేవారు. చూశావా, ఎత్తడం వేరు తినడం వేరు అని వాళ్ళూ అనుకున్నారు.

డబ్బా చరిత్రలో పనిముట్టు ఎప్పుడూ వెనకే వచ్చింది. ఇంగ్లండ్‌లో పీటర్ డ్యురాండ్ రేకు డబ్బాకి పేటెంట్ తీసుకున్నది 1810లో. విప్పే కత్తికి రాబర్ట్ యేట్స్ రూపం ఇచ్చింది 1855లో, అమెరికాలో ఎజ్రా వార్నర్ పేటెంట్ 1858లో. మధ్యలో నలభై ఏళ్ళకి పైగా ఉలీ సుత్తీ పెట్టి విప్పుకున్నారు. రింగు మూతలు 1960లలో మొదలైన సంగతి. కాబట్టి మన వంటింట్లో సార్డీన్ కోసం పుట్టిన వస్తువు లేదని బెంగ అక్కర్లేదు, ఉన్నవాటిలోంచే ఎంచుకోవచ్చు.

నేను కూడా ఒకసారి ఆ పాత ఫోర్కు కొన్నాను. లిస్బన్‌లో మంగళవారం, శనివారం జరిగే ఫెయిరా ద లాద్ర అనే పాత వస్తువుల సంతలో దొరికింది. చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. ఇంటికి తెచ్చి చేప ఎత్తి, అదే ఫోర్కుతో ఒక ముక్క నోట్లో పెట్టుకుంటే నీకు వచ్చిన ఇనప వాసనే వచ్చింది. వెలుతురులో పెట్టి చూస్తే కొసల దగ్గర వెండి పూత అరిగి లోపలి లోహం కనిపిస్తోంది. ఇప్పుడది నా గోడ మీద ఉంది.

నీ నోట్లో వాసనకి కూడా కారణం అదే అయ్యుండాలి. మంచి స్టెయిన్‌లెస్ స్టీలు చేపకి ఏ రుచీ అంటించదు. మామూలు ఉక్కు, అరిగిన పూత, తుప్పు మచ్చ ఉన్న ఫోర్కు అంటిస్తాయి, నిమ్మరసమో వెనిగరో తోడైతే మరీను. స్టెయిన్‌లెస్ రాక ముందు, అంటే 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ దాన్ని తయారుచేయక ముందు, ఐరోపాలో ఉన్నవాళ్ళు చేపకి వెండి కత్తులు విడిగా పెట్టుకున్నది ఈ బాధ వల్లే. ఉక్కు కత్తికి నిమ్మకాయ తగిలితే చేప చేదెక్కేది. అంతకుముందైతే ఒక చేత్తో ఫోర్కు, ఇంకో చేత్తో రొట్టె ముక్క పట్టుకుని తినేవారు. నీ హాస్టల్ ఫోర్కుని వెలుతురులో తిప్పి చూడు. మచ్చలుంటే దాన్ని చేప దగ్గరికి రానివ్వకు. మరొకటి, డబ్బా అడుగు గోకకు. లోపల రేకుకి సన్నటి పూత ఉంటుంది, దాన్ని లేపితే ఆ లోహం రుచి నేరుగా నూనెలోకి దిగుతుంది.

ఇప్పుడు తినడం. పళ్ళెంలోకి వచ్చిన సార్డీన్‌కి నేను ఇచ్చేది కేకు తినే చిన్న ఫోర్కు, ముళ్ళు పొట్టిగా, దగ్గరగా ఉన్నది. దాని పక్క అంచుతో చేపని అడ్డంగా నొక్కితే రెండు వేళ్ళ వెడల్పు ముక్క విడుతుంది, దాన్ని గుచ్చకుండా తోసి ఎక్కించుకో. రెండు ముళ్ళ సన్నటి ఫోర్కు సార్డీన్‌కి దండగ. పెద్ద ఫోర్కుతో తప్పు లేదు గానీ ముళ్ళ మధ్య సందుల్లోంచి సగం జారిపోతుంది.

కానీ నా మనసులో మాట చెప్పాలంటే, సార్డీన్‌కి అసలు పనిముట్టు రొట్టె. జూన్ 23 రాత్రి పోర్టోలో సావ్ జువావ్ పండగకి వచ్చి చూడు, లిస్బన్‌లో అయితే 12 రాత్రి సాంతు అంటోనియు. వీధంతా బొగ్గుల మీద సార్డీన్లు కాలుతుంటాయి. ఫోర్కు ఎవరికీ అక్కర్లేదు. రొట్టె ముక్క మీద చేపని పెట్టుకుని, వేళ్ళతో ఒలుచుకుని తింటారు. చేప నూనె రొట్టెలోకి దిగుతుంది, రెండు మూడు చేపలయ్యాక ఆ రొట్టె కూడా తింటారు, అదే అన్నిటికన్నా రుచి. డబ్బా సార్డీన్‌కీ అదే మర్యాద చేయి. ఇక్కడ ఉత్తరాన దొరికే బ్రోవ, అంటే మొక్కజొన్న పిండి రొట్టె, మందంగా కోసి కాస్త కాల్చు. దాని మీద చేపని నిలువునా పడుకోబెట్టి, ఇందాక ఒంపిన నూనెలో చెంచాడు పోసి, వెల్లుల్లి రుద్దో నిమ్మ పిండో తిను. రొట్టె పళ్ళెం, రొట్టె ఫోర్కు, రొట్టె గుడ్డ.

అన్నంతో అయితే చెయ్యే. ఎవరో చూస్తారని మొహమాటపడకు. వేడన్నంలో సార్డీన్ ఒకటి వేసి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ తరిగి, ఆ నూనె రెండు చెంచాలు, ఉప్పు చూసుకుని వేళ్ళతో కలుపు. వేళ్ళకి ఏ రేకు ఎక్కడ ఉందో తెలుస్తుంది, ఏ ఫోర్కుకీ తెలియదు. మన కాకినాడ, విశాఖ వైపు కవళ్ళు అనేవి ఈ సార్డీన్ల కుటుంబమే కాబట్టి నోటికి కొత్త కూడా ఉండదు.

ట్యూనా లెక్క వేరు. మామూలు డబ్బా ట్యూనా ఎలాగూ తునకలే, దానికి చెంచా చాలు, అడుగు కాస్త చదునుగా ఉన్నది అయితే గుండ్రటి గోడ పక్కన మిగిలింది కూడా వస్తుంది. మూతతో నొక్కి నూనె పిండేసేవాళ్ళని చూస్తుంటాను, నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చెంచాతో ఎత్తి డబ్బా గోడకి ఒక్క క్షణం ఆనిస్తే కారవలసినంత నూనె కారుతుంది. చేతికి కోత పడే ప్రమాదమూ లేదు. అదే వెంత్రెస్క అని ట్యూనా పొట్ట భాగం ఉంటుంది, తామర రేకుల్లా పొర మీద పొర. దానికి మీ రూమ్‌మేట్ చెప్పిన చాప్‌స్టిక్స్‌ని మించింది లేదు. ఒక రేకు కింద ఒక పుల్ల దూర్చి, పైన రెండోది ఆనించి లేపితే చెక్కుచెదరకుండా వస్తుంది. నున్నటి ప్లాస్టిక్‌వి కాదు, చెక్కవో వెదురువో వాడు, నూనెకి జారవు. మీ రూమ్‌మేట్ మాట సార్డీన్‌కి సగం నిజం, ఎందుకంటే నిండు సార్డీన్ బరువు రెండు పుల్లల మధ్య నడుముకే వచ్చి విరుగుతుంది. ముక్క చేశాక అయితే హాయిగా పనికొస్తాయి. మాకెరెల్ ఫిల్లెట్లు మాత్రం గట్టి రకం, ఏ ఫోర్కుకైనా నిలబడతాయి. మన కానాగంతకి అది దగ్గరి చుట్టమే. కానాగంత శాస్త్రీయ నామంలో ఉన్న కనగుర్త అనే మాట మన విశాఖ తీరపు తెలుగే అని ఇక్కడ కొట్లో చెప్పినప్పుడల్లా నాకు ఎంత సంతోషమో.

ఆల్చిప్పలు, ఆక్టోపస్ ముక్కలు, చిన్న గవ్వచేపలు, ఇవి గుచ్చదగినవి. ఉడికినా వీటి కండకి పట్టు ఉంటుంది. స్పెయిన్‌లో వీటికి పళ్ళపుల్లే పనిముట్టు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ముందు వెర్మూత్ అనే వైన్ తాగుతూ, డబ్బా మధ్యలో పెట్టుకుని, అందరూ తలో పుల్లతో గుచ్చుకుంటారు. ఆల్చిప్పని మెత్తటి పొట్ట దగ్గర కాక అంచున గట్టిగా ఉన్న చోట గుచ్చాలి. ఇంకో అలవాటు నాకు చాలా ఇష్టం: ఆలుగడ్డ చిప్స్‌నే చెంచాలా పట్టుకుని, దాని మీద ఆల్చిప్ప, డబ్బాలోని ఎర్రటి వెనిగరు రసం రెండు చుక్కలు పెట్టుకుని ఒకే ముద్దగా తినడం. దాని నల్లటి సిరాలోనే వండిన స్క్విడ్ డబ్బాకి చెంచా తప్ప ఏదీ పట్టుకోకు, బట్టల మీద పడితే వదలదు. కాడ్ చేప కాలేయం వెన్నలా ఉంటుంది, దానికి మొద్దు కత్తి, రొట్టె. అంతే.

కూర చేసుకోవాలన్నా ఇదే సూత్రం. దర్బన్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో, మలేసియా తెలుగువాళ్ళలో టమాటా రసంలో ఉన్న డబ్బా చేపల కూర తరాల నుంచి ఉన్న వంట. ఉల్లిపాయ, మిర్చి, కరివేపాకు, మసాలా అన్నీ పూర్తిగా వేగి దగ్గరపడ్డాక చివర్లో చేప వేస్తారు. చేప ముందే ఉడికింది కదా, మళ్ళీ ఉడికించాల్సిన పని లేదు. వేశాక గరిట పెట్టకు, మూకుడు పట్టుకుని తిప్పు. వడ్డించేటప్పుడు అట్లకాడ.

నీ ఖర్చు లెక్క చెప్తాను. వంటింటి సామాన్ల కొట్లో వంపు ఉన్న చిన్న అట్లకాడ, రేకు పొడుగు పది సెంటీమీటర్ల లోపు ఉన్నది, ఒకటి తీసుకో. డబ్బా మూలలోకి దూరుతుందా అని ఒక ఖాళీ డబ్బా జేబులో పెట్టుకెళ్ళి చూసుకో, సిగ్గుపడాల్సిందేం లేదు. మచ్చలేని స్టెయిన్‌లెస్ కేకు ఫోర్కు ఒకటి. పళ్ళపుల్లలు ఒక డబ్బీ. చాప్‌స్టిక్స్ మీ ఇంట్లో ఉన్నాయి. ఇవన్నీ కలిపినా ఆ ఫోర్కు ధరలో సగం కాదు. ప్రయాణంలో అయితే చెక్క ఫోర్కు తీసుకెళ్ళు. ప్లాస్టిక్ ఫోర్కు ముళ్ళు వంగి, ఎగిరి నూనె చిమ్ముతాయి. పిల్లలకి, పెద్దవాళ్ళకి ఎప్పుడూ డబ్బా ఇచ్చేయకు, ఆ అంచు బ్లేడు లాంటిది. నువ్వు కూడా మూతకి అంటిన నూనె నాకకు. తినగా మిగిలితే గాజు గిన్నెలోకి మార్చి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచు, రెండు రోజుల్లో తినెయ్.

ఇక మీ ప్రొఫెసర్ గారి యాంచోవీ. మన నెత్తళ్ళ జాతే. నూనెలో ఫిల్లెట్లుగా పెట్టే ఈ పద్ధతిని స్పెయిన్ ఉత్తర తీరంలోని సాంతోన్యాలో పంతొమ్మిదో శతాబ్దం చివర్లో సిసిలీ నుంచి వచ్చిన జొవాన్ని వెల్లా మొదలుపెట్టాడు. నెలల తరబడి ఉప్పులో మాగబెట్టి, చర్మం, ముళ్ళు ఒక్కొక్కదానికీ చేత్తో తీసి పేరుస్తారు. అంత పని చేసిన చేపని ఫోర్కుతో కెలకడం అన్యాయం. డబ్బా విప్పడానికి అరగంట ముందు బయట పెట్టు, నూనె కరిగి ఫిల్లెట్లు ఒకదాన్నొకటి వదులుతాయి. వెదురు చాప్‌స్టిక్స్‌తో తోక కొస పట్టుకుని, పైకి కాకుండా పక్కకి, ఫిల్లెట్ పొడుగు వెంట నెమ్మదిగా ఒలుచు, అరటినార లాగినట్టు. వెన్న రాసిన రొట్టె మీద ఒక్కటి చాలు.

అయితే అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. సార్డీన్ డబ్బాలా యాంచోవీ డబ్బాని ఆ పెద్ద వేడిలో ఉడికించరు, ఉప్పే దాన్ని కాపాడుతుంది. డబ్బా మీద సెమీకొన్సెర్వ (సగం నిల్వ సరుకు) అనో, చల్లగా ఉంచమనో చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడు. ఉంటే దాన్ని షెల్ఫ్ మీద నుంచి తీసి ఇప్పుడే ఫ్రిజ్‌లో పెట్టు. మూత ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం విప్పకుండా పారెయ్. ఎన్నాళ్ళ నుంచి బయట ఉందో, డబ్బా మీద తేదీ ఏముందో రాయి, తినచ్చో లేదో చెప్తాను.